జిప్సీ స్టీరింగ్ వణుకు: రేకుల షెడ్డులో ఏడు నెలల కేసు

ముందే చెప్పేస్తున్నాను, ఈ బండికి నేను పెట్టిన అప్‌గ్రేడ్లలో సగం మళ్లీ నా చేత్తోనే ఊడదీశాను. ఊడదీశాకే బండి బాగుపడింది. ఏది ఎందుకు పెట్టానో, ఎందుకు తీశానో, అసలు జబ్బు ఎక్కడ బయటపడిందో వరసగా రాస్తున్నాను. పాత జిప్సీ ఉన్నవాళ్లకి నేరుగా పనికొస్తుంది, కమాన్ కట్టల మీద, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగుల మీద నడిచే ఏ జీపు ఉన్నవాళ్లకైనా చాలావరకు పనికొస్తుంది.

బండి 2007 మారుతీ జిప్సీ, 1298 సీసీ ఎంపీఎఫ్ఐ పెట్రోలు, గుడ్డ టాపు. 2022 వానాకాలంలో కొన్నాను, అప్పటికి మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి కొన్న వెంటనే రిజిస్ట్రేషన్ రెన్యువల్. అదే ఏడాది ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, నేను సరిగ్గా దాంట్లోనే పడ్డాను. నేను బండ్ల మెకానిక్‌ని కాదు, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని, పద్దెనిమిదేళ్లుగా బేరింగులూ సీళ్లూ పంపులతోనే బతుకు. ఇల్లు విశాఖలో, గాజువాక వైపు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, సిమెంటు నేల, ఒక వైస్, రెండు జాకీలు, నాలుగు స్టాండ్లు. వర్క్‌షాప్ అంటే ఇంతే.

జిప్సీయే ఎందుకని అడిగేవాళ్లకి: వెయ్యి కేజీల లోపు బరువు, ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాన్ కట్టలు, టూ హై, ఫోర్ హై, ఫోర్ లో, అంటే రెండు చక్రాలా, నాలుగు చక్రాలా, నిదానంగా నాలుగు చక్రాలా అన్నది మార్చే చిన్న లివర్. కంప్యూటర్ పెట్టి చూడాల్సినవి చాలా తక్కువ. ఇంజన్ జీ13బీబీ, అదే ఇంజన్ మారుతీ ఎస్టీమ్ కారులో కూడా వచ్చింది కాబట్టి దాని సామాన్లకి వెతుకులాట లేదు. ఇబ్బందల్లా ఇరుసులు, ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, వీటి సామాన్లతోనే.

మొదటి తప్పు, రెండో తప్పు

కొన్న నెలలోపే టైర్లు మార్చాను. కంపెనీ సైజు 205/70 ఆర్15, నేను వేసింది 215/75 ఆర్15 ఆల్ టెరైన్, స్టెప్నీతో కలిపి ఐదు, దాదాపు 40,000. లెక్క వేస్తే పాత టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు, కొత్తది 703. అంటే డిఫరెన్షియల్, ఇరుసు మధ్యలో గేర్లుండే గుండు, దాని కింద నాకు కలిసొచ్చింది 18 మిల్లీమీటర్లు, చిటికెన వేలు మందం కంటే కొంచెం ఎక్కువ. పోయిందేమిటంటే గేరింగ్ ఐదు శాతం బరువెక్కింది, మీటరు 60 చూపిస్తే బండి 63 మీద ఉంటుంది, పాడేరు ఘాట్‌లో థర్డ్‌లో ఎక్కే మలుపులు కొన్ని సెకండ్‌కి వచ్చాయి. 80 హార్స్‌పవర్ బండికి ఐదు శాతం అంటే చిన్న విషయం కాదని ఘాట్ ఎక్కినప్పుడే తెలిసింది.

పెద్ద టైరు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కమాన్ కట్టకి రాసుకుంది, గుంటలో పడితే మడ్‌గార్డ్‌కి తగిలింది. దానికి మందుగా పొడుగు షాకిల్ పట్టీలు వేశాను, షాకిల్ అంటే కట్ట కొసని చాసిస్‌కి తగిలించే ఊగే పట్టీ. మామూలు వాటి కంటే రెండంగుళాలు పొడుగు. రెండంగుళాలు పొడుగు షాకిల్ వేస్తే బండి రెండంగుళాలు లేస్తుందని చాలామంది అనుకుంటారు. లేవదు, అంగుళమే లేస్తుంది. కట్టకి ఒక కొస చాసిస్‌కి కట్టేసి ఉంటుంది, రెండో కొస మాత్రమే కిందికి దిగుతుంది, ఇరుసు ఆ రెంటి మధ్యలో ఉంటుంది కాబట్టి సగమే. పైగా ఇలా లేపితే లేచేది బాడీ, డిఫరెన్షియల్ కాదు. కింద రాయి తగిలే గుండు ఉన్నచోటే ఉంటుంది, టైరు పెరిగితేనే అది పైకి వస్తుంది.

అసలు నష్టం వేరే చోట జరిగింది. జిప్సీలో ముందు షాకిల్ కట్టకి ముందు కొసన ఉంటుంది. అక్కడ పొడుగు పెంచితే కట్ట ముక్కు కిందికి వంగి ఇరుసు మొత్తం ముందుకు దొర్లుతుంది, కాస్టర్ తగ్గిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, చేతులు వదిలినా చక్రం తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం, కాస్టర్ అంటే అదే. జిప్సీకి కంపెనీ లెక్క మూడున్నర డిగ్రీలు. అలైన్‌మెంట్ మెషీన్ మీద నా బండి చూపించింది డిగ్రీన్నర కూడా లేదు. ఇది తెలిసింది తర్వాత, అప్పటికి నాకు ఆ మెషీన్ ఎక్కించాలన్న ఆలోచన కూడా లేదు, టేపు పెట్టి టో మాత్రం, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నది మాత్రం చూసుకుని బాగుందనుకున్నాను.

వణుకు మొదలైంది

నవంబర్‌లో తెల్లవారుజామున పాడేరు దగ్గర వంజంగి కొండ మబ్బులు చూద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. హైవే మీద వంతెన జాయింటు తగలగానే 60 దగ్గర స్టీరింగ్ ఎడమా కుడీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలు వణుకు కాదు. చక్రం చేతిలోంచి లాక్కుంటోంది, డాష్‌బోర్డు మొత్తం గలగలమంటోంది, వెనక పిల్లలు కేకలు. యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు గట్టిగా తొక్కకుండా, 35కి దిగేదాకా ఆగలేదు. బ్రేకు గట్టిగా తొక్కితే బరువంతా ముందుకు వచ్చి వణుకు ఇంకా పెరుగుతుంది, ఇది అనుభవంతో చెప్తున్నా. ఆ రోజు 40 దాటకుండా చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు చేరేసరికి మబ్బులన్నీ విడిపోయి ఎండ కాస్తోంది.

ఊళ్లో ఒక షాపులో చూపిస్తే స్టీరింగ్ డాంపర్ పోయింది మార్చమన్నారు. మార్చాను. మూడు వారాలు బ్రహ్మాండంగా ఉంది, నాలుగో వారం మళ్లీ అదే వంతెన, అదే వణుకు. ఆ షాపు వాళ్లని అనడానికేం లేదు, మార్చమంటే తల ఊపింది నేనే. డాంపర్ అనేది వణుకుని అణిచేది, పుట్టించేది కాదు. ఫ్యాక్టరీలో పంపు వణుకుతుంటే ఫౌండేషన్ కింద రబ్బరు పెట్టమని ఎవడైనా అంటే నవ్వుతాను, ఇంటికొచ్చి నేను చేసింది అదే. తర్వాత చక్రాల బ్యాలెన్సింగ్, స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు రెండూ మార్చడం. వణుకు 60 నుంచి 65కి జరిగింది, అంతే.

బ్రేకు తొక్కి చూసే పరీక్ష

ఒక ఆదివారం అన్నీ పక్కనపెట్టి మొదటినుంచి చూద్దామని కూర్చున్నా. ముందు ఇరుసు లేపి స్టాండ్ల మీద పెట్టాను, వెనక చక్రాలకి రెండు వైపులా చెక్క ముక్కలు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి తల పెట్టకండి, ఇటుకలు అసలు వద్దు, అవి చెప్పాపెట్టకుండా పగిలిపోతాయి. నా దగ్గర పాత రైల్వే స్లీపర్ చెక్క దుంగలు రెండు ఉన్నాయి, స్టాండ్లతో పాటు అవి కూడా చాసిస్ కింద ఉంటాయి.

టైరుని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ చక్రం టక్కుటక్కుమంది. ఆట ఉంది. కానీ ఆ ఆట చక్రం గుండ్రంగా తిరిగే హబ్ బేరింగ్‌దా, చక్రం పక్కలకి మళ్లే కింగ్ పిన్‌దా? దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి, మీరు టైరు ఊపాలి. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ, దాన్ని మోస్తూ కింగ్ పిన్‌ల మీద మళ్లే నకిలూ ఒకే ముక్క అయిపోతాయి, కాబట్టి ఆట మాయమైతే తప్పు హబ్ బేరింగ్‌ది, ఆట అలాగే ఉంటే కింగ్ పిన్‌ది. మా ఆవిడ తొక్కింది. నేను ఊపుతూనే ఉన్నా, టక్కుటక్కు తగ్గలేదు. "ఏవండీ, కాలు లాగేస్తోంది, ఇంకా తొక్కాలా?" అని అడిగేదాకా ఊపుతూనే ఉన్నాను, ఎందుకంటే ఇంత తేలికైన పరీక్ష మూడు నెలల కిందట చెయ్యనందుకు నా మీద నాకే కోపం.

కింగ్ పిన్ అంటే చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఇరుసు చివర ఉండే మడతబందు అనుకోండి. జిప్సీలో ప్రతి వైపూ పైన ఒకటి, కింద ఒకటి, ఒక్కోదానికీ చిన్న టేపర్ రోలర్ బేరింగ్. ఆ బేరింగులు కాస్త బిగుతుగా, తిప్పితే కొంచెం బరువుగా ఉండాలి. ఆ బిగువే వణుకుని ఆదిలో పట్టి ఆపేది. అది పోతే పెద్ద టైరు, తగ్గిన కాస్టర్, వంతెన జాయింటు మూడూ కలిసి ఆడిస్తాయి.

విప్పాక కనిపించింది

చక్రం తీసి, బ్రేకు కాలిపర్ విప్పి తీగతో కట్టకి వేలాడదీశాను, హోస్ మీద బరువు పడకూడదు. హబ్బు, స్పిండిల్, ఆ తర్వాత ఇరుసు రాడ్డు బయటికి లాగగానే ఇరుసు కొసన ఉండే గోళం లోపలినుంచి ముదురు గోధుమరంగు ద్రవం బళ్లున నేల మీద పడింది. గ్రీజు ఉండాల్సిన చోట జావ. డిఫరెన్షియల్ ఆయిల్ లోపలి సీలు దాటుకుని నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించేసింది, దానికి నీళ్లు తోడయ్యాయి. వేలితో తీసి రుద్దితే ఇసక గరుకు. కింద కింగ్ పిన్ బేరింగ్ చేతిలోకి వచ్చాక చూస్తే రోలర్లు ఎర్రగా తుప్పు పట్టి, రోలర్లు దొర్లే ఉంగరం, రేస్ మీద ఒక్కో రోలర్ దగ్గరా గోరు తగిలేంత గాడి. తిన్నగా పోయే స్థానంలోనే గాడులు పడ్డాయి, ఎందుకంటే బండి ఎక్కువసేపు ఉండేది అక్కడే.

నీళ్లు ఎలా వచ్చాయన్నది నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన భాగం. ఇరుసు హౌసింగ్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది, వేడికి లోపల గాలి పెరిగితే బయటికి వదలడానికి. నా బండిది మట్టితో పూడుకుపోయి ఉంది. ఘాట్ ఎక్కి వేడెక్కిన ఇరుసు గెడ్డలో, అంటే కొండవాగులో, చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుపోతుంది, గాలి పీల్చుకోవడానికి బ్రీదర్ లేదు కాబట్టి సీళ్ల సందుల్లోంచి నీళ్లని లాక్కుంటుంది. వెనక డిఫరెన్షియల్ బోల్టు విప్పితే ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో వచ్చింది. వేడెక్కినప్పుడేమో దీనికి తిరుగుడు, లోపలి ఒత్తిడి ఆయిల్‌ని సీలు దాటించి నకిల్‌లోకి తోస్తుంది. ఒక్క పూడిపోయిన గొట్టం చేసిన పని ఇది.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఒక మాట: నట్టుని చివర నాలుగు మరల మీద ఉంచి, సుత్తి దెబ్బ నకిల్ చెవి పక్కన వెయ్యండి, మరల మీద కాదు. రెండు గట్టి దెబ్బలకి దానంతటదే ఊడి వస్తుంది. పైనా కిందా కింగ్ పిన్ మూతలు తీసేటప్పుడు వాటి కింద షిమ్ములు, అంటే బిగువు సరిచేసే పల్చటి రేకు ముక్కలు ఉంటాయి, ఏవి ఎటువైపువో కవర్లలో వేసి రాసుకోండి. పాత రేసుల్ని ఇత్తడి కడ్డీతో కొట్టి తీశాను. నాలుగు బేరింగులు, రెండు వైపులా సీల్ కిట్లు, లోపలి ఇరుసు సీళ్లు, గ్రీజు అన్నీ కలిపి 6,000 లోపే అయింది. టైర్లకి పెట్టింది గుర్తుందిగా.

చేపల కాటా

బిగువు ఎంత ఉండాలన్నదానికి లెక్క ఉంది. ఆయిల్ సీల్ వెయ్యకముందు, నకిల్‌కి టై రాడ్ తగిలించే రంధ్రంలో స్ప్రింగ్ కాటా కొక్కెం పెట్టి లాగితే, నకిల్ కదలడం మొదలయ్యే దగ్గర ఒక కేజీ నుంచి 1.8 కేజీల మధ్య చూపించాలి. తక్కువైతే షిమ్ తియ్యాలి, ఎక్కువైతే వెయ్యాలి. నా దగ్గర అలాంటి కాటా లేదు. మా వీధికి రోజూ చేపలు తెచ్చే అప్ప దగ్గర కొక్కెం కాటా ఉంది, విప్పే ముందు ఒకసారి, మళ్లీ బిగించేటప్పుడు ఒకసారి అడిగాను. "కాటా నీకెందుకు బాబూ, రేపట్నుంచి చేపలు నువ్వే అమ్ముతావేటి?" అంది. బండి చక్రం తూచాలంటే నమ్మక, గంపతో సహా షెడ్డు దగ్గరే కూర్చుంది.

పాత బేరింగులతో ఎడమ వైపు, విప్పడానికి ముందే చూశాను, ముల్లు 200 గ్రాములు కూడా దాటలేదు. కుడివైపు 600. కొత్త బేరింగులు, పాత షిమ్ములతో 800 వచ్చింది. ఎడమ వైపు పైనుంచి 0.1 మిల్లీమీటర్ల షిమ్ ఒకటి తీస్తే 1.4, కుడివైపు కూడా ఒకటి తీస్తే 1.3. కాగితమంత మందం ఉండే రేకు ముక్క, అర కేజీ, ఆ పైన తేడా. అది చూసి అప్ప "చేపల్లోనూ అంతే, ఏలు ఆనిస్తే సాలు" అంది. ఇలాంటి కాటాలో వంద గ్రాముల తప్పు ఉన్నా మన పనికి ఇబ్బంది లేదు, పట్టు కేజీ పైన ఉండాలి, రెండు వైపులా దగ్గరదగ్గరగా ఉండాలి, అంతే.

బ్రీదర్లు రెండూ తీసి కడిగి, రబ్బరు గొట్టం తగిలించి, ముందుది ఇంజన్ గది పై అంచు దాకా, వెనకది పెట్రోలు మూత ఎత్తు దాకా లాగాను, చివర కిందికి వంచి. ఖర్చు 300. డిఫరెన్షియళ్లు రెండింట్లో జీఎల్-5 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోసి, వంద కిలోమీటర్లు తిప్పి, మళ్లీ మార్చాను, మొదటిసారి పోసింది లోపలి నీళ్లని కడగడానికే. గేర్‌బాక్సులో మాత్రం జీఎల్-4 వాడాను. జీఎల్-5లో ఉండే మందు కొన్నిసార్లు గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగుల ఇత్తడికి పడదు. "ఏదైనా గేర్ ఆయిలే కదా" అని షాపుల్లో ఇచ్చేస్తారు, డబ్బా మీద చదివి తీసుకోండి.

కాస్టర్ సంగతి, కమాన్ కట్టల సంగతి

వణుకు పోయింది. 80 దాకా వంతెన జాయింట్ల మీద పనిగట్టుకుని నడిపి చూశాను. కానీ హైవే మీద బండి ఒక గీతలో పోవడం లేదు, లారీ పక్కనుంచి పోతే చాలు తడబడుతోంది. అప్పుడు అలైన్‌మెంట్ మెషీన్ ఎక్కించాను, కాస్టర్ సంగతి తెలిసింది.

లేత్ షాపులో రెండు డిగ్రీల ఇనుప వెడ్జులు చేయించి ఇరుసుకీ కట్టకీ మధ్య పెట్టాను. జిప్సీలో ఇరుసు కట్ట పైన కూర్చుంటుంది కాబట్టి మందం వైపు ముందుకి రావాలి. కాస్టర్ మూడుంపావుకి వచ్చింది. కానీ ఇరుసుని వెనక్కి దొర్లిస్తే షాఫ్టు తగిలే దాని పినియన్ ముక్కు కిందికి వంగుతుంది, ముందు ఇరుసుకి శక్తి తెచ్చే ఆ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింటు కోణం పెరుగుతుంది. మామూలుగా తెలియదు, నా బండికి చేత్తో తిప్పే ఫ్రీ వీల్ హబ్‌లు, అవి వదిలేసి ఉంటే ఆ షాఫ్టు తిరగదు. ఫోర్ హైలో 40 దాటితే మాత్రం కాళ్ల కింద రేకు జుయ్యిమంటోంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి. లేత్ మేస్త్రి అప్పటికే నవ్వుతున్నాడు: "ఏటి బాబూ, షాకిలు పెంచడమేటి, ఆనక మళ్లీ సెక్క పెట్టడమేటి? కట్టలు సూసినావా అసలు?"

చూడలేదు. తెలిసినవాళ్ల జిప్సీ, తక్కువ తిరిగినది, పక్కన పెట్టి హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా టేపు పెట్టాం. నా పొడుగు షాకిళ్ల అంగుళం తీసేసి లెక్కేస్తే నా బండి దానికంటే 35 మిల్లీమీటర్లు కిందికి ఉంది. పదిహేనేళ్లలో కట్టలు కూర్చుండిపోయాయి. లిఫ్ట్ కావాలని నేను అనుకున్నది, ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు బండికి ఉన్న ఎత్తే.

కట్టలు నాలుగూ దించి విజయవాడ ఆటోనగర్ పట్టుకెళ్లాను. దగ్గర్లోనూ చేసేవాళ్లున్నారు గానీ కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతామన్నారు. అలా చేస్తే ఉక్కు టెంపర్ పోతుంది, నెలా రెండు నెలల్లో మళ్లీ కూర్చుంటుంది. ఆటోనగర్‌లో చల్లగానే ప్రెస్సు మీద పట్టీ పట్టీ వంపు తీశారు. కుడివైపు ముందు మెయిన్ పట్టీ కన్ను దగ్గర వెంట్రుకవాసి చీలిక బయటపడింది, అది కొత్తది వేశారు. ఇంటికి తెచ్చి వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాసి, కొత్త బుష్‌లూ కొత్త యూ బోల్టులూ వేసి బిగించాను. బుష్ బోల్టులు మాత్రం బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి చస్తుంది. 500 కిలోమీటర్లకి యూ బోల్టులు మళ్లీ చూస్తే ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది.

పొడుగు షాకిళ్లు తీసి పాతవే వేశాను. వెడ్జులు తీసేశాను. కాస్టర్ 3.3. ఎత్తు షాకిళ్లతో ఉన్నప్పటికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. జుయ్యిమనడం పోయింది.

రూలు సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ లెక్కకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. బండి ముందు కట్టే ఇనుప బుల్ బార్లని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది. ఎలాగూ అది బండి ముక్కు మీద బరువే తప్ప కమాన్ కట్టలకి చేసే మేలు ఏమీ లేదు, నా బండికి ఉన్నది కొన్న వారంలోనే కోసి పాత ఇనుముకి అమ్మేశాను. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పని మార్పు ఉంటే క్లెయిము దగ్గర గొడవ. ఈ టైర్లు అరిగాక మళ్లీ 205/70కే వెళ్తాను.

ఇప్పుడు చేస్తున్నది

మా ఊళ్లో అసలు శత్రువు కొండలు కాదు, ఉప్పుగాలి. వానాకాలానికి ముందూ తర్వాతా స్క్రూడ్రైవర్‌తో చాసిస్ పొడుచుకుంటూ పోతాను, ముఖ్యంగా వెనక షాకిల్ బ్రాకెట్ల దగ్గర, ఫ్లోర్ మ్యాట్ కింద. మెత్తగా తగిలినచోట గీకి రెడ్ ఆక్సైడ్, పైన పెయింటు, బోలుగా ఉన్న చోట్ల మైనం స్ప్రే. వాడేసిన ఇంజన్ ఆయిల్ కింద కొట్టే అలవాటు మా పెద్దవాళ్లది, నేను మానేశాను, అది బుష్‌ల రబ్బరు తినేస్తుంది, షెడ్డు నేలంతా కంపు. బీచ్ ఇసకలో నడిపిన రోజు రాత్రే మంచినీళ్లతో కింద కడుగుతాను, పొద్దున కడుగుదాంలే అనుకుంటే మర్చిపోతాం.

గెడ్డ దాటి వచ్చిన ప్రతిసారీ ఆ వారంలోనే డిఫరెన్షియల్ ఆయిల్ వేలు పెట్టి చూడటం, గోళాలు గుడ్డతో తుడిచి మర్నాడు చూడటం. పల్చటి గ్రీజు పొర ఉంటే మంచిదే, ఆయిల్ కారుతుంటే లోపలి సీలు పోతున్నట్టు. మొన్న ఏడో నెలలో మళ్లీ కాటా పెట్టాను, ఈసారి నా సొంతది, కొన్నాను. ఎడమ 1.2, కుడి 0.9. కొత్త బేరింగులు కాస్త సర్దుకుంటాయి, అది మామూలే. కుడివైపు ఇంకో 0.1 షిమ్ తీశాను, 1.3కి వచ్చింది. మూత బిగించి, చక్రం ఎక్కించి, మళ్లీ అదే వంతెన మీద 70లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చాను.